శుక్రవారాల అప్పగింత

వీడ్కోలు సభ నాడు మా ఆయనకు శాలువాలు కప్పారు. ఒకటి కాదు, రెండు కాదు. ఆ ఎండాకాలంలో, మందిరం రేకుల కప్పు కింద, మనిషి ఉడికిపోతారని భయమేసి నేనే ఒక్కొక్కటి తీసి పక్క కుర్చీలో పడేశాను. సంఘ పెద్దలు మాట్లాడారు. పిల్లలు పాట పాడారు. పాస్టరుగా ఆయన ముప్పై ఏళ్ల పరిచర్య ఈ రోజుతో ముగుస్తోందని మైకులో చెప్పి అందరూ ఏడ్చారు. నాకొక చీర పెట్టారు. పెట్టినామె నా చెవిలో, "ఫాల్ కుట్టియ్యలేదు అమ్మగారూ, ఏమనుకోకుండ్రి" అంది. నా వంతు అంతటితో అయిపోయింది.

ఆయనకు వీడ్కోలు చెప్పారు, నాకు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? పాస్టరమ్మ అనేది ఎవరో పిలిచి ఇచ్చిన ఉద్యోగం కాదు, పెళ్లితో పాటు నెత్తిన పడేది. మొదలుపెట్టమని ఎవరూ అనలేదు కనుక ఆపమని చెప్పాలని కూడా ఎవరికీ తట్టలేదు. తర్వాత జరిగినదానికంతా ఇదే కారణమని చాలా రోజులు వాదించాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, వాదనకు దిగితే ఎదుటివాళ్లు అలిసిపోవాల్సిందే. ఇప్పుడు మాత్రం ఆ వాదన చేయను. తప్పు నాది.

మా మందిరం వరంగల్‌లో నేతపనివాళ్ల వాడలో ఉంది. ఆదివారం ఆరాధన ఆయనది, శుక్రవారం నాది. శుక్రవారం పదకొండు నుంచి మూడింటి దాకా ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరే తమ బాధ చెప్పుకునేవాళ్లు. మొగుడి తాగుడు, కోడలి కడుపు, దవాఖాన రిపోర్టులు, మాట వినని కొడుకులు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి నేను ప్రార్థన చేసేదాన్ని. మూడు కొట్టగానే జావ కాచి, అందరం తాగి ఉపవాసం విడిచేవాళ్లం.

వచ్చేవాళ్లలో సగం మంది బాప్తిస్మం తీసుకున్నవాళ్లు కాదు. పొద్దున ఇంట్లో దేవుడి పటాలకు దీపం పెట్టి, నుదుట బొట్టుతోనే వచ్చి, ప్రార్థన చేయించుకుని పోయేవాళ్లు. మేం ఎవరినీ ఏమీ అనలేదు. వాళ్లందరిలోకి పెద్దది ఒక అవ్వ. జంపఖానాలు నేసి నేసి వేళ్లు వంకర్లు పోయిన మనిషి. కొడుకు జబ్బు నయమైందని మొదటిసారి వచ్చింది, ఇక మానలేదు. సంఘం పుస్తకంలో ఆమె పేరు లేదు. ఈ ముప్పై ఏళ్లలో ఆమె తప్పిన శుక్రవారమూ లేదు.

రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు బాగుపడింది కానీ మాట బాగుపడలేదు, ముద్దముద్దగా వచ్చేది. ప్రసంగం మధ్యలో ఆయన ఒక మాట కోసం వెతుక్కుంటుంటే ముందు వరుసలో పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు. ఆయనే పెద్దలను పిలిచి, ఇక దిగిపోతానన్నారు. పరకాల వైపు నుంచి ఒక యువ పాస్టరును తెచ్చుకున్నారు. పాతవాళ్లం అదే వాడలో తిరుగుతుంటే కొత్తవాళ్లు నిలదొక్కుకోలేరని, మడికొండ దగ్గర కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు చూసిందీ ఆయనే. "పోతే... మొత్తం... పోవాలె" అన్నారు. నేను సామాన్లు సర్దాను. మొత్తం పోవడమంటే సామాన్లే అనుకున్నాను.

కొత్త ఇంట్లో మొదటి వారం నాకు పిచ్చెక్కినట్టయింది. మగ్గాల చప్పుడు లేదు, తలుపు తట్టేవాళ్లు లేరు. ఫోను మోగితే లోను కావాలా అని అడిగేవాళ్లే. శుక్రవారం పదింటికి కాళ్లు వాటంతటవే గుమ్మం దాకా పోయి ఆగాయి. సరిగ్గా అప్పుడే ఇద్దరు ఆడవాళ్లు గేటు తీసుకుని లోపలికి వచ్చారు. "మిమ్ముల చూడబుద్ధయింది అమ్మగారూ" అన్నారు. ఎలాగూ వచ్చారు, ఎలాగూ శుక్రవారం, కాసేపు ప్రార్థన చేసుకుందామన్నాను. మరుసటి వారం ఆరుగురు వచ్చారు. నెల తిరిగేసరికి ఆటోలు మాట్లాడుకుని వస్తున్నారు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి ఎదురింటామె, "ఏమన్న ఫంక్షనా ఆంటీ?" అని అడిగింది. నాకు లోపల ఎంత గొప్పగా అనిపించిందో!

నేను పిలవలేదు. ఎవరడిగినా అదే చెప్పేదాన్ని. పిలవలేదు గానీ గురువారం సాయంత్రమే సోఫా బయటికి నెట్టించి, ముందు గది కడిగి, కొత్త చాపలు కొని పెట్టుకున్నాను.

మా ఆయన మాత్రం శుక్రవారం పదిన్నరకల్లా చేతికర్ర పట్టుకుని బయటికి వెళ్లిపోయేవారు. కాలనీ మూల మీద ఇస్త్రీ బండి ఉంది. ఎండైనా వానైనా ఆ బండి పక్కన కుర్చీ వేసుకుని మూడున్నర దాకా కూర్చునేవారు. ఆడవాళ్లకు ఇబ్బంది కాకూడదని వెళ్తున్నారని అందరికీ చెప్పాను. జబ్బు మనిషి అన్ని గంటలు రోడ్డు మీద ఎందుకు కూర్చుంటున్నారో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో నాకు తెలుసు.

వచ్చేవాళ్లు ఊరికే రారు కదా, ముచ్చట్లు తెస్తారు. కొత్త పాస్టరమ్మ తెల్లచీర కట్టదట, మందిరానికి చుడీదార్ మీదే వస్తుందట. మడికొండలోనే ఏదో కంపెనీలో కంప్యూటర్ పని అట. ఆదివారం ఆరాధన అయీ కాకముందే భుజానికి బ్యాగు తగిలించుకుని డ్యూటీకి ఉరుకుతుందట. ప్రార్థన చేయమంటే నాలుగు ముక్కలు చెప్పి ఆమేన్ అనేస్తుందట. "ఆఫీసుల మెసేజ్ వెట్టినట్టు చేస్తది అమ్మగారూ" అని ఒకామె అనుకరించి చూపిస్తే అందరం పగలబడి నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. సేవకు వచ్చినవాళ్లను దేవుడే చూసుకుంటాడు, జీతం వెంట పరుగులెందుకని కూడా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా వంటింట్లో బియ్యం డబ్బా నిండుగా ఉంది.

ఆ బియ్యం సంగతి చెప్పాలి. మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడమనిషి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అవి దేవుడివి. వారమంతా పోగైనవాటిని శుక్రవారం సంచిలో తెచ్చి, మందిరం వెనక గదిలోని నీలం డ్రమ్ములో పోస్తుంది. పాస్టరు ఇంటి పొయ్యి వాటితోనే వెలగాలి. మేం ముప్పై ఏళ్లు తిన్నది ఆ బియ్యమే. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి అన్నీ కలిసిపోయి, ఒక మెతుకు మెత్తగా అయితే ఒక మెతుకు పలుకుగా ఉండేది. నాకు ఇప్పటికీ ఒకే రకం బియ్యంతో వండిన అన్నం చప్పగా అనిపిస్తుంది.

మా ఇంటికి వచ్చే ఆడవాళ్లు ఆ సంచులు కూడా తెచ్చేవాళ్లు. శుక్రవారం ఎక్కడుంటే బియ్యం అక్కడికే, అలవాటు అలాంటిది. నేను వాటిని డబ్బాలో పోసుకుని, సంచి దులిపి తిరిగి ఇచ్చేదాన్ని. కొన్నిటితో జావ కాచేదాన్ని, మిగిలినవి మేమిద్దరం తినేవాళ్లం. ఇవి ఇక్కడికి వస్తుంటే అక్కడ పొయ్యి ఎలా వెలుగుతోందన్న ఆలోచన మూడు నెలల్లో ఒక్క పూట కూడా నాకు రాలేదు. రావలసింది. నాకు తెలివి తక్కువేం కాదు.

మంది పెరిగేసరికి జావ కాచడానికి నా గిన్నెలు చాలలేదు. మందిరం వెనక గదిలో పెద్ద అల్యూమినియం గంజు ఉందని గుర్తొచ్చింది. ఒక శుక్రవారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. పదకొండుకు మా ఇంట్లో ప్రార్థన, ఆలోపు వచ్చేయవచ్చనుకున్నాను. సన్నగా ముసురు పడుతోంది. ఆ పూట మందిరంలో ఎవరూ ఉండరన్న ధీమాతోనే వెళ్లాను.

తలుపులు తీసి ఉన్నాయి. లోపల శుభ్రంగా ఊడ్చి, గోడ నుంచి గోడ దాకా చాపలు పరిచి ఉన్నాయి. అన్ని చాపల మధ్య కొత్త పాస్టరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె మూడేళ్ల కూతురు ఓ మూల పడుకుని నిద్రపోతోంది. నన్ను చూడగానే ఆమె గబుక్కున లేచి నిలబడింది. ముఖం వెలిగిపోయింది.

"అమ్మగారూ! ప్రార్థనకు వచ్చిండ్రా?"

"కాదు. గంజు కోసం వచ్చిన" అన్నాను.

ఆ ముఖం ఎలా మారిపోయిందో నేను మరిచిపోలేను. ఆమె చేత్తో వెనక గది చూపించింది.

గంజు నీలం డ్రమ్ము వెనకాల ఉంది. డ్రమ్మును పక్కకు జరపబోతే తేలిగ్గా జరిగిపోయింది. మూత తీసి చూశాను. అందులో ఒక చక్రం లేని ప్లాస్టిక్ కారు, రెండు బొమ్మలు, ఖాళీ పౌడరు డబ్బా ఉన్నాయి. ఆ చిన్నపిల్ల ఆటసామాను అందులో దాచుకుంటోంది.

"బియ్యం ఏవి?" అని నా వెనకే వచ్చిన ఆమెను అడిగాను. ఆ ప్రశ్న ఎవరడిగినా నేను అడగకూడదని, అడిగాక గానీ తెలియలేదు.

"ఏడియి అమ్మగారూ? మొదాలు రెండు మూడు వారాలు వచ్చినయి. అటెన్క అన్నీ మీ ఇంటికే వస్తాన్నయి గదా" అంది.

గొంతులో కోపం కూడా లేదు. అది పుండు మీద కారం చల్లినట్టయింది. తప్పు చేసినప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది, ఏం చేయను!

"నేనేమన్న పిలిచిన్నా? వాళ్లంతట వాళ్లే వస్తాన్నరు. నువ్వు ఇంటిపట్టున ఉండి, నాలుగిండ్లు తిరిగి మంచీ చెడ్డా అరుసుకుంటె నీ దగ్గరికే వద్దురు. నౌకరీ నౌకరీ అని ఉరుకవడితివి" అన్నాను.

అప్పుడు ఆమె నోరు తెరిచింది. "నౌకరి చెయ్యకుంటె ఇంట్ల ఏం వండాలె అమ్మగారూ? శుక్రవారం ఈ ప్రార్థన ఉంటదని మా సార్‌ను బతిమిలాడి సెలవు తీసుకున్న. దానికి బదులు ఆదివారం మధ్యాన్నం డ్యూటీ చేస్తాన్న. ప్రతి శుక్రవారం చాపలేస్తాన్న, మూడు కొట్టేదాక కూసుంటాన్న, మళ్ల చాపలు మలుస్తాన్న. ఒక్కలు వస్తలేరు. అవ్వ ఒక్కసారి తొంగిచూసి, 'ఓహో, ఈడ కాదా' అనుకుంట ఎల్లిపోయింది."

చిన్నపిల్ల నిద్రలో కదిలితే కాసేపు ఆగింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీరు పోయిండ్రా అమ్మగారూ, పోలేదా? గదొక్కటి చెప్పుండ్రి. మీరు ఉన్ననంటె మేం పోతం. నర్సంపేట దిక్కు ఒక సంఘం పిలుస్తాంది. మాట ఇంక ఇయ్యలేదు. ఈ నెలాఖరుకు పోదామనుకుంటాన్నం."

అది వినగానే నాకు మొదట ఏమనిపించిందో దాచిపెడితే ఇది రాయడమే దండగ. సంతోషం కలిగింది. వీళ్లు పోతే పెద్దలు తిన్నగా మా గుమ్మంలోకే వస్తారు. మాట రాకపోతేనేం, ఆయన కుర్చీలో కూర్చుంటారు, నేను నడిపిస్తాను, అంతా మునుపటిలాగే అవుతుంది. ఆ గదిలో నిలబడి, రెప్పపాటులో ఇదంతా అనేసుకున్నాను. వెంటనే నా మీద నాకే భయమేసింది. మూడు నెలల్లో, చిన్నపిల్ల ఉన్న కాపురాన్ని ఊరి నుంచి వెళ్లగొడుతున్నాను. అదీ ఉపవాసముండి, ప్రార్థన చేస్తూ.

గంజు తీసుకునే ఆటో ఎక్కాను. వదిలేసి రావడానికి కూడా సిగ్గేసింది. ఇంటి దగ్గర అప్పటికే అందరూ కూర్చుని ఉన్నారు. ఆ రోజు నా నోరు అలవాటు కొద్దీ ప్రార్థన చేసింది, నేను చేయలేదు. మూడింటికి అందరికీ జావ పోశాను. కడుపు బాగాలేదని చెప్పి నేను తాగలేదు.

సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు."

"తెలిస్తె నాకెందుకు చెప్పలేదు?"

"బయటికి... పోయి... కూసున్న గదా" అన్నారు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "మీకు చెప్పిండ్రు అయిపోయిందని. శాలువాలు కప్పి, దండలేసి, మైకుల చెప్పిండ్రు. నాకెవ్వలు చెప్పిండ్రు? నేనేమన్న మీ సామాన్లనా, మీ ఎంబడి లారీల ఎక్కిచ్చుడుకు?" అని అరిచాను. ఎదురింటి కిటికీ మూసుకుంది. ఆయన చాలాసేపు మాటలు కూడగట్టుకున్నారు. "నీకు... నువ్వే... చెప్పుకోవాలె" అన్నారు. అది నాకు పెద్ద అన్యాయంగా తోచింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంత అలాగే తోస్తుంది.

ఆ వారమంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. మాకు పిల్లలు కలగలేదు. ఈ ఆడవాళ్లే నా బిడ్డలని అందరికీ చెప్పుకుని తిరిగాను. పురుళ్లకు వెళ్లాను, చావులకు వెళ్లాను, వాళ్ల గొడవల్లో వాళ్లకంటే ఎక్కువ గొంతు చించుకున్నాను. శుక్రవారం తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుంది? ఆయన మాత్రలు, రెండు గదులు, ఎదురింటామె నమస్తే. అరవై దాటాక కొత్తగా ఏం మొదలవుతుంది? ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అని దేవుణ్ణి కూడా అడిగాను. సాకులు దొరికాయి కూడా. బియ్యం మాత్రం వాళ్లకు పంపించేసి, ప్రార్థన నా ఇంట్లోనే పెట్టుకుంటే? రెండు వారాలకొకసారి పెట్టుకుంటే? ఆమె కూడా ఇక్కడికే వస్తే? ప్రతి సాకు చివరా నేనే మధ్యలో కూర్చుని ఉన్నాను.

శుక్రవారం వచ్చింది. చాపలు పరవలేదు. వాళ్లు వచ్చి, బయట సోఫా కనపడక, చాపలు లేని నేల చూసి నిలబడిపోయారు. నేను గడపలో నిలబడి చెప్పేశాను.

"ఇయ్యాల్టి సంది ఈడ ప్రార్థన లేదు. మందిరంల ఉన్నది. నడువుండ్రి."

"గా పిల్లకు ప్రార్థన చేసుడే రాదు అమ్మగారూ" అంది కొత్త పాస్టరమ్మను అనుకరించి నవ్వించినామె.

"మీరు పోకుంటె ఎట్ల వస్తది? ఎవలి తల మీద చెయ్యి వెట్టి నేర్చుకోవాలె, గోడ మీదనా?" అన్నాను.

"మమ్ముల ఎల్లగొడుతాన్నరా?" అని ఇంకొకామె కళ్లనీళ్లు పెట్టుకుంది.

వారం రోజులు సిద్ధం చేసుకున్న మాటలు, బైబిల్ వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "మూడు నెలల సంది నేను తిన్నది వాళ్ల అన్నం" అన్నాను. "మీరు దేవునికని తీసిన పిడికెడు. అది పసిపిల్ల ఉన్న ఇల్లు. వాళ్ల డ్రమ్ము ఖాళీ అయింది, నా డబ్బా నిండింది. నాకు తెల్వకపాయె అంటె అబద్ధమైతది, నేను చూడలే. నాకు సిగ్గయితాంది. నాకింక తేకుండ్రి."

ఇద్దరు చెప్పులు తొడుక్కుని, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ మా ఇంటికీ రాలేదు, మందిరానికీ రాలేదు. అందులో ఒకామె ముగ్గురు పిల్లల పురుళ్లకూ నేను దవాఖానలో కూర్చున్నాను. దారిలో కనిపిస్తే ఇప్పటికీ తల తిప్పుకుంటుంది. ఆ బాధ నాకు పోలేదు, పోతుందని అనుకోవడం లేదు.

అవ్వ మాత్రం నవ్వింది. "ఓసి నీ! నువ్వొచ్చిన కొత్తల ఎట్లుంటివో యాదికున్నదా? పార్థన చెయ్యమంటె ఏడుసుడు వెట్టేదానివి. మేమే నీళ్లు తాపి కూసోవెట్టినం. గా పిల్లకు గూడ నేర్పుదాం పాండ్రి. ఆటో పైసలు మాత్రం నువ్వే ఇయ్యాలె" అంది. మూడు ఆటోలు వచ్చాయి.

మందిరం ముందు మేం దిగుతుంటే కొత్త పాస్టరమ్మ గుమ్మంలో బిక్కచచ్చి నిలబడింది. మందినేసుకుని కొట్లాటకు వచ్చాననుకుందట, తర్వాత చెప్పింది. ఆడవాళ్లు తిన్నగా వెనక గదిలోకి వెళ్లి డ్రమ్ములో సంచులు గుమ్మరించారు. అందులోని బొమ్మలు తీసి కింద పెట్టింది నేనే. ఆ చిన్నపిల్ల నా మీద గుడ్లురిమి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నేను వెళ్లి తలుపు దగ్గర ఆఖరి చాప మీద కూర్చున్నాను. అక్కడి నుంచి మందిరం ఎంత పొడుగ్గా కనిపించిందో! నేనెప్పుడూ ఆ చివర కూర్చోలేదు.

ఒక్కొక్కరే తమ బాధలు చెప్పుకున్నారు. ఆమె ఒక నోటుబుక్కులో రాసుకుంటోంది. వరుస తిరిగి నా దాకా వచ్చింది. నన్ను వదిలేసి పక్కామె దగ్గరికి పోతుందనుకున్నాను.

"మీ కోసం ఏమన్న ప్రార్థన చెయ్యాల్నా అమ్మగారూ?" అని అడిగింది.

ముప్పై ఏళ్లలో ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు. నేను అడగనివ్వలేదు కూడా. "ఏం లేదు బిడ్డా, అందరి కోసం చెయ్యి" అందామనుకున్నాను. నోట్లోంచి వేరే వచ్చింది. "పొద్దున లేస్తె నాకు పని లేదు. ఎవ్వలకు అక్కర లేనట్టు అనిపిస్తాంది. నాకు భయమైతాంది" అన్నాను. అని, ఆ వయసులో, అందరి ముందు భోరున ఏడ్చాను.

"ఇగో, ఇన్నేండ్లకు దొరికింది" అంది అవ్వ. కొందరు నవ్వారు, కొందరు నాతో పాటు ఏడ్చారు.

కొత్త పాస్టరమ్మ లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, అమ్మగారికి భయమైతాంది. ఏం చెయ్యాల్నో ఆమెకు తెలుస్తలేదు. మాకు గూడ తెలుస్తలేదు. సాయం చెయ్యి. ఆమేన్" అంది. నిజంగానే ఆఫీసు మెసేజ్ లాగా ఉంది. నేనైతే పావుగంట చేసి ఉండేదాన్ని. వంక పెట్టడానికి ఒక్క మాట దొరుకుతుందా అని వెతికాను. దొరకలేదు.

అందరూ వెళ్లాక ఇద్దరం చాపలు మలిచాం. "పోకుండ్రి" అన్నాను. ఆమె వెంటనే సరే అనలేదు. "చూస్తం అమ్మగారూ. ఇంకో నాలుగు శుక్రవారాలు చూస్తం" అంది. నాకు నచ్చకపోయినా నోరు మూసుకున్నాను. చివరి చాప గోడకు ఆనిస్తూ ఆమె అడిగింది. "మంగళవారం నాకు డ్యూటీ. ఆయన ఊర్లల్ల ప్రార్థనలకు పోతడు. బిడ్డను చూసే మనిషి లేదు. జర వస్తరా?"

నాకు ఒళ్లు మండింది. సంఘాన్ని ముప్పై ఏళ్లు చేతుల మీద నడిపిన మనిషిని పట్టుకుని ఆయా పనికి పిలుస్తోందా! గట్టిగా నాలుగు అనబోయాను. అనబోతూ ఆగిపోయాను. పని లేదని గంట కింద అందరి ముందు ఏడ్చింది ఎవరు?

"వస్త" అన్నాను.

నాలుగు శుక్రవారాల తర్వాత వాళ్లు నర్సంపేట వాళ్లకు రామని చెప్పారు. ముందుముందు ఏమవుతుందో తెలియదు. కానీ నేను చెప్పాల్సింది ఆ మొదటి మంగళవారం సంగతి. మందిరం పక్కనే పాస్టరు ఇల్లు. నేను ముప్పై ఏళ్లు వండి వడ్డించిన ఇల్లు. ఆ రోజు తలుపు తట్టి, బయట నిలబడ్డాను. తల్లి తలుపు తీసి, గబగబా రెండు మాటలు చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ పిల్ల వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బొమ్మలు తీసి పారేసిన మనిషినని గుర్తుపట్టినట్టుంది.

"నువ్వెవలు?" అని అడిగింది.

ఈ వాడలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. "పాస్టరమ్మను" అనబోయాను. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు పాస్టరమ్మ అంటే దాని తల్లి.

"నీకు అన్నం తినిపిద్దామని వచ్చిన" అన్నాను.

"ఏం కూర?"

"టమాట పప్పు."

"నాకద్దు. గుడ్డు గావాలె" అంది.

కొంగు నడుముకు దోపుకుని వంటింట్లోకి వెళ్లాను. అరలన్నీ నేను కొట్టించినవే. సామానంతా ఆమె మార్చేసింది. పై అర వెతికాను, కింది అర వెతికాను, గుడ్లు కనబడలేదు. ఆ పిల్ల నా పక్క నుంచి దూరి వచ్చి, కిటికీ పక్కన వేలాడుతున్న బుట్టను వేలుతో చూపించింది.